ఎడమ భుజం కేసు

ఆ రోజు పొద్దున మాస్టారు వేసుకున్న పథకం చాలా చిన్నది. షాపు తెరిచేలోగా ఆరోగ్య కేంద్రానికి వెళ్లి జ్వరాల టీకా వేయించుకోవడం, తిరిగొచ్చి షట్టరెత్తడం. అంతే. మాస్టారంటే బడిపంతులు కాదు, కటింగ్ మాస్టారు. రెండు కుర్చీల సెలూన్. మొదటి కుర్చీ దగ్గర తను నిలబడతాడు, రెండోదాని దగ్గర బావమరిది. వచ్చేవాళ్లలో సగం మంది సరిగ్గా మాస్టారి మొహమ్మీదే దగ్గుతారని, ఆ రోగాలన్నీ అతను భద్రంగా ఇంటికి మోసుకొస్తున్నాడని భార్య వారం రోజులుగా పోరుతోంది. ఆ పోరు పడలేక బయల్దేరాడు.

"మీ తమ్ముణ్ణి కూడా రమ్మను" అన్నాడు చెప్పులేసుకుంటూ.

"వాడికి సూదంటే కళ్లు తిరుగుతాయండీ."

"మరి కత్తి పట్టుకుని జనం గొంతు మీద ఎలా పెడుతున్నాడే?"

"గొంతు వాడిది కాదు కదా" అంది భార్య.

ఆరోగ్య కేంద్రంలో టీకాలేసే గది ఒకప్పుడు సామాన్ల గది అయి ఉండాలి. కుర్చీని గోడకు ఆనించి వేశారు. కూర్చుంటే ఎడమ చెయ్యి గోడకు రాసుకుంటుంది, కుడి చెయ్యి నర్సమ్మ వైపు ఉంటుంది. బయట లైను గేటు దాటిపోయింది. మాస్టారు చొక్కా విప్పుతూ బతిమాలాడు. "అమ్మా, కుడి చెయ్యి నాకు అన్నం పెట్టే చెయ్యి. ఎడమ చేతికి వెయ్యమ్మా, నీకు పుణ్యముంటుంది."

"కుర్చీ తిప్పాలంటే బల్ల జరపాలి. బల్ల జరపాలంటే ఆ లైనంతా జరగాలి. ఏం కాదులెండి, చీమ కుట్టినట్టుంటుంది" అంటూనే నర్సమ్మ నిలబడ్డ చోటి నుంచే, పైనుంచి కిందికి, భుజం గూటి మీద పొడిచేసింది. సూది ఎముకకు తగిలిన చప్పుడు తనకు వినిపించిందని మాస్టారు తర్వాత చాలామందికి చెప్పాడు. ఒక్కరూ నమ్మలేదు.

మర్నాటికి కుడి చెయ్యి భుజం దాటి పైకి లేవనని మొండికేసింది. చెవుల దాకా కత్తెర బాగానే ఆడేది. నడినెత్తికి వచ్చేసరికి ప్రాణం పోయేది. "కొంచెం కిందికి జారండి" అనేవాడు కూర్చున్నవాళ్లతో. వాళ్లు జారేవారు. "ఇంకొంచెం" అనేవాడు. ఒక పొడుగాటి మనిషి అలా జారి జారి మోకాళ్లు అద్దానికి ఆనాక, "మాస్టారూ, నేను నేల మీదే కూర్చుంటాను, ఆ ముక్కేదో చెప్పెయ్యండి" అని లేచి బావమరిది కుర్చీలోకి మారిపోయాడు. అతని వెనకాలే ఇంకొందరు మారారు.

ఆరోగ్య కేంద్రానికి వెళితే డాక్టరు కళ్లెత్తి చూడకుండానే "టీకా అన్నాక నొప్పి మామూలే" అన్నాడు. "నెల దాటింది సార్" అంటే "వయసన్నాక మామూలే" అన్నాడు. ఇంటికొస్తే భార్య అదే పాట. "ఊరంతా వేయించుకున్నారు. మీకొక్కరికే ఎందుకొచ్చిందండీ?" షాపుకెళ్తే బావమరిది. "బావా, నిజం చెప్పు. పని మీద విసుగొచ్చిందా?"

మాస్టారికి కడుపు మండిపోయింది. నొప్పిని ఎలాగో ఓర్చుకోవచ్చు. నొప్పిగా ఉందని చెబితే ఎదుటివాడు నవ్వడాన్ని మాత్రం ఓర్చుకోలేకపోయాడు. అతనికి కావలసింది ఒక్కటే. ఎవరో ఒకరు, ఆ పొడిచిన వైపు నుంచి ఒక్క మనిషి వచ్చి "నిజమేనయ్యా, నీ చెయ్యి పాడైంది, తప్పు మాదే" అనాలి. ఆ ఒక్క మాట దొరికితే దాన్ని తెచ్చి బావమరిది మొహాన కొడదామని ఉంది.

ఇలాంటి మనిషి లాయరు కంటపడితే ఏమవుతుందో వేరే చెప్పాలా? లాయరు గారు మొదటి కుర్చీకి పాత గిరాకీ. గడ్డానికి సబ్బు రాయించుకుంటూ, మాస్టారు మూలుగు విని, అద్దంలోకి చూస్తూ అడిగారు.

"ఏమయ్యా మాస్టారూ, ఏమిటా మూలుగు?"

మాస్టారు మొత్తం చెప్పాడు. లాయరు గారి కళ్లు మెరిశాయి. "ఇది వదిలేసే విషయం కాదయ్యా! సూది వెయ్యాల్సిన చోట కాకుండా కీలులోకి వేస్తే నష్టపరిహారం ఇచ్చి తీరాలి. దీనికో ట్రిబ్యునలే ఉంది. ఏదీ, చెయ్యి ఎంతవరకు లేస్తుందో చూపించు."

మాస్టారు ఆయన వెనక నిలబడి కుడి చెయ్యి లేచినంత లేపాడు. లాయరు గారు తల తిప్పలేదు. తిప్పితే చొక్కాకి సబ్బంటుకుంటుంది. అద్దంలోనే చూసి, మెడకు కట్టిన గుడ్డ కిందినుంచి సెల్ ఫోను తీసి అందులో చెప్పుకున్నారు. "బాధితుడి ఎడమ భుజం. అడ్డంగా చాచడమే కష్టం."

అద్దంలో కనిపించేవాడు తనకెదురుగా నిలబడ్డాడు కనుక, తన కుడి పక్కన లేచింది వాడి ఎడమ చెయ్యేనని లాయరు గారి లెక్క. మాస్టారు వెనకాల నిలబడ్డాడన్న సంగతి ఆయనకు తట్టలేదు. సరే, లాయరు గారికి తట్టలేదు. చెవి పక్కనే నిలబడి విన్న మాస్టారికి ఏమైందంటారా? అక్కడే ఉంది అతని వృత్తి చేసిన ద్రోహం. అద్దం ముందు కూర్చున్న ప్రతివాడూ "ఎడమ చెవి దగ్గర ఇంకొంచెం తియ్యి" అని కుడి చెవి చూపిస్తాడు. మాస్టారికి పని నేర్పిన తండ్రి మొదటి రోజే చెప్పాడు. "గిరాకీ మాట వినకు, తల చూడు. తప్పని మాత్రం అనకు. అన్నావో, పక్క షాపుకి పోతాడు." అలా జీవితమంతా కుర్చీలోంచి ఎడమ అని వినబడితే కుడి అనుకోవడం అతనికి అలవాటైపోయింది. లాయరు గారు ఎడమ భుజం అన్నారు. మాస్టారు కుడి భుజం అని విన్నాడు. లాయరు గారు పంపిన కాగితాల మీద, నొప్పి చేత్తోనే, సంతకాలు పెట్టాడు.

పిటిషను దాఖలైపోయాక ఒకనాడు భార్య ఆ కాగితాల నకలు తీరిగ్గా చదివింది. "ఏవండీ, ఎడమ భుజమని రాశారేంటి?"

మాస్టారు గుడ్లు తేలేశాడు. చెప్పులు కూడా సరిగ్గా వేసుకోకుండా లాయరు గారింటికి పరిగెత్తాడు. లాయరు గారు కాగితం చూసి, మాస్టారి కుడి భుజం చూసి, మళ్లీ కాగితం చూసి కాసేపు నీళ్లు నమిలారు. లాయర్లకు నీళ్లు నమలడం కూడా పనిలో భాగమే కనుక వెంటనే తేరుకున్నారు.

"ఇందులో సంతకం ఎవరిది?"

"నాదేనండి."

"ఇదంతా నిజమని ప్రమాణం చేసిందెవరు?"

"నేనేనండి. మీరు చెయ్యమంటేనే..."

"ఇప్పుడు నువ్వెళ్లి ఎడమ కాదు, కుడి అన్నావనుకో. అప్పుడబద్ధమా, ఇప్పుడబద్ధమా అని అడుగుతారు. కేసు అక్కడికక్కడే గోవిందా."

"మరి ఇప్పుడేం చెయ్యమంటారండీ?"

"ఏమీ చెయ్యకు. నర్సు ఏ చేతికి వేసిందో వాళ్ల దగ్గర ఎక్కడా రాసి లేదు, నేను కనుక్కున్నాను. విచారణ దాకా ఎడమ చెయ్యి మెడకు కట్టుకో. అవతలివాళ్లు మనుషుల్ని పెట్టి చూస్తుంటారు, జాగ్రత్త."

"నొప్పి కుడి చేతికండీ!"

"అది నీకూ నాకూ తెలుసయ్యా. కేసుకి తెలియదుగా" అన్నారు లాయరు గారు ఎంతో ఓపికగా.

మర్నాటినుంచి మాస్టారి అవతారం చూడాలి. నిక్షేపంలాంటి ఎడమ చెయ్యి గుడ్డ ఉయ్యాలలో హాయిగా పడుకుంది. నొప్పి చెయ్యి ఊడిగం చేసింది. షట్టరెత్తాలంటే కుడి చెయ్యి. నీళ్ల బకెట్టు మొయ్యాలంటే కుడి చెయ్యి. బస్సులో పైనున్న కమ్మీ పట్టుకోవాలంటే కుడి చెయ్యి. గుడ్డలోంచి బయటికొచ్చిన ఎడమ వేళ్ల మధ్య దువ్వెన ఇరికించుకుని, పళ్లు బిగబట్టి కుడిచేత్తో కత్తిరించేవాడు. భుజంలో చురుక్కుమన్నప్పుడల్లా ఎడమ చెయ్యి పట్టుకుని "అమ్మా" అనాల్సి వచ్చేది. మొదట్లో ఒకటి రెండుసార్లు కుడి భుజం పట్టుకుని, నాలిక్కరుచుకుని ఎడమకు మారాడు. అది బావమరిది కళ్లబడనే పడింది.

"బావా, నొప్పి ఇల్లు మారిందా?"

"నోర్ముయ్యరా! వింటారు."

"ఎవరు?"

మాస్టారు కళ్లతో చూపించాడు. బెంచీ మీద టోపీ పెట్టుకున్న కొత్త మనిషి ఒకడు పేపరు చదువుతున్నాడు. వాడు పేపరు దించి, "చేతికేమైంది పాపం? ఎప్పటినుంచి? ఏ పక్క లాగుతుంది?" అని ఒకటే ఆరా. ఇంకేం, అవతలివాళ్ల మనిషే! మాస్టారు ఎడమ భుజం పట్టుకుని ఎక్కడ లేని బాధా ఒలకబోశాడు. రాత్రి నిద్ర లేదన్నాడు, అన్నం సహించడం లేదన్నాడు, చివరికి నిజంగానే కళ్ల నీళ్లు పెట్టుకున్నాడు. టోపీ మనిషి అంతా విని, సంచీలోంచి ఒక సీసా తీసి, తను నొప్పుల తైలం అమ్ముతానని చెప్పి, రెండు సీసాలు అంటగట్టి పోయాడు.

ఇంట్లో పరిస్థితి ఇంకా అన్యాయం. "ఆ అటక మీద డబ్బా దించండి" అంది భార్య.

"చెయ్యి లేవదే!"

"కట్టుకున్నది ఎడమ చెయ్యేగా. కుడిది ఖాళీగానే ఉందిగా."

"నొప్పి దానికేనే, నా తల్లీ!"

"గట్టిగా అరవకండి. పక్కింటివాళ్లు విన్నారంటే కేసు పోతుంది" అంది ఆవిడ గొంతు తగ్గించి. మాస్టారు కళ్లు మూసుకుని డబ్బా దించాడు. ఆవిడ అందులోంచి కావలసింది తీసుకుని, మళ్లీ పైన పెట్టమంది.

వేసవి పోయింది, వానలు వచ్చాయి, వానలూ పోయాయి. వాయిదా మీద వాయిదా. ఈలోగా రోజూ వచ్చేవాళ్లు కూడా చెయ్యి కట్టుకున్న మనిషికి తల అప్పగించడమెందుకని బావమరిది వైపే వరస కట్టారు. వరస పెరిగేసరికి బావమరిది "వెలుతురు ఇక్కడ బాగుంది బావా" అంటూ మొదటి కుర్చీ దగ్గరికి జరిగాడు. మాస్టారు రెండో కుర్చీకి మారాడు. తండ్రి తనను నిలబెట్టిన చోటు ఆ మొదటి కుర్చీ. ఆ రోజు మాస్టారు షాపు మూసేదాకా నేల మీద వెంట్రుకలు ఊడుస్తూనే ఉన్నాడు.

ఒకరోజు పొద్దున మామూలుగా షట్టరు పట్టుకుని పైకి లాగాడు. అది గడగడమంటూ మొత్తం పైకి వెళ్లిపోయింది. చెయ్యి కూడా దాంతోపాటే వెళ్లింది. నొప్పి లేదు. దించి మళ్లీ లాగాడు. లేదు. కుడి చెయ్యి నెత్తి మీదికి, నెత్తి వెనక్కి, వీపు మీదికి, ఎటు తిప్పితే అటు తిరిగింది. మొయ్యలేని చేత్తో మోసి, లేవని చేత్తో ఎత్తి, తిట్టుకుంటూ చేసిన పనంతా ఆ చేతికి వైద్యమైపోయింది. మాస్టారికి ఆనందంతో ఏడుపొచ్చింది. కన్నీళ్లు తుడుచుకుందామని ఎడమ చెయ్యి గుడ్డలోంచి తీసి ఎత్తాడు. అది లేవలేదు. నెలల తరబడి కదలకుండా పడుకున్న భుజం బిగుసుకుపోయింది. బలవంతంగా లేపితే ప్రాణం విలవిల్లాడింది. మాస్టారు మెట్టు మీద కూలబడ్డాడు.

సంగతి విన్న లాయరు గారు మాత్రం ఎగిరి గంతేసినంత పని చేశారు. "ఇంకేం కావాలయ్యా! ఇప్పుడు కాగితంలో ఉన్నదంతా నిజమైపోయింది. ఇంక అబద్ధమాడాల్సిన పని కూడా లేదు."

"బాగున్న చెయ్యి పోయిందండీ!"

"కేసు నిలబడింది కదా" అన్నారాయన.

విచారణ ఒక ఇరుకు హాల్లో జరిగింది. పైన ఫ్యాను తిరుగుతోంది, కింద కాగితాలు ఎగిరిపోకుండా అందరూ మోచేతులతో అదిమి పట్టుకున్నారు. మధ్యలో ట్రిబ్యునల్ అధికారిణి. ఒక పక్క ఆరోగ్య శాఖవాళ్లు, మరో పక్క లాయరు గారు, మాస్టారు. వెనక బెంచీలో భార్య, బావమరిది. ప్రభుత్వం తరఫు ఎముకల డాక్టరు వచ్చి మాస్టారి ఎడమ చెయ్యి పట్టుకుని నెమ్మదిగా పైకి లేపాడు. మాస్టారు కెవ్వుమన్నాడు.

"ఇది నటన కాదు మేడమ్. భుజం నిజంగానే బిగుసుకుపోయింది. ఈయన చాలా బాధ పడుతున్నారు" అన్నాడు డాక్టరు.

మాస్టారి కళ్లు చెమర్చాయి. ఇన్నాళ్లకు ఒక చదువుకున్న మనిషి తన నొప్పి నిజమన్నాడు. వేరే చేతికైతేనేం! వెనక్కి తిరిగి బావమరిది వైపు చూశాడు. బావమరిది తల దించుకున్నాడు. లాయరు గారు మీసం సవరించుకున్నారు. కేసు నెగ్గినట్టేనని ఆ హాల్లో అందరికీ అర్థమైంది.

అప్పుడు ఆరోగ్య శాఖవాళ్లు తమ ఆఖరి సాక్షిని పిలిచారు. నర్సమ్మ. ఏమీ గుర్తు లేదని చెప్పి వెళ్లిపోవడానికి ఆవిణ్ణి పిలిపించారు. ఆవిడ వచ్చి నిలబడి, మాస్టారి వైపు చూసింది. మెడకు కట్టిన ఆ చెయ్యి చూసేసరికి ఆవిడ మొహం మారిపోయింది.

"ఈయన మీకు గుర్తున్నారా?"

"గుర్తున్నారు మేడమ్. అన్నం పెట్టే చెయ్యి, ఎడమ చేతికి వెయ్యమ్మా అన్నారు. కుర్చీ తిప్పడానికి బద్ధకించి నేనే కుడి చేతికి వేశాను. కూర్చుని వెయ్యాలి, నిలబడి వేశాను. సూది పైన పడిందని నాకప్పుడే తెలిసింది. లైను చూసి ఊరుకున్నాను." ఆవిడ మాస్టారి వైపు తిరిగి చేతులు జోడించింది. "తప్పు నాదే మేడమ్. అన్నయ్యా, నన్ను క్షమించండి."

ఆరోగ్య శాఖవాళ్లు నెత్తిన చేతులు పెట్టుకున్నారు. మాస్టారు కోరుకున్న మాట అదే. అడగకుండానే, అందరి ముందు, ఎవరు అనాలో వాళ్లే అన్నారు. ఇంతలో పక్కన కుర్చీ కిర్రుమంది. లాయరు గారు లేచారు.

"అభ్యంతరం మేడమ్! మా క్లయింటుది ఎడమ భుజం. ఈమె చెప్పేది కుడి భుజం కథ. ఈ సాక్ష్యానికీ మా కేసుకీ ఏ సంబంధమూ లేదు. ఈమె చెప్పేదంతా కట్టుకథ. దీన్ని రికార్డులోంచి తీసెయ్యాలని కోరుతున్నాను."

నర్సమ్మ బిత్తరపోయింది. "అయ్యో, నేను చెప్పేది నిజమేనండీ..."

"అబద్ధం!" అని గర్జించారు లాయరు గారు.

అధికారిణి పిటిషను తిరగేసి చూసి, "ఇందులో ఎడమ అనే ఉంది. సరే, అభ్యంతరాన్ని అంగీకరిస్తున్నాను" అంది.

మాస్టారు ఇక ఆగలేకపోయాడు. తప్పు ఒప్పుకున్న మనిషిని, తన తరఫు మనిషే అబద్ధాలకోరంటుంటే ఎలా కూర్చుంటాడు? ఎగిరినట్టు లేచి, "అమ్మా! ఆవిడ చెప్పింది అక్షరాలా నిజం!" అని అరుస్తూ చెయ్యెత్తాడు. కుడి చెయ్యి. అది చెవిని దాటి, నెత్తిని దాటి, ఫ్యాను దాకా నిటారుగా లేచి నిలబడింది.

అధికారిణి కళ్లజోడు సవరించుకుంది. "ఇంజెక్షను ఏ చేతికి వేశారు?"

"ఈ చేతికేనమ్మా."

"నొప్పి?"

"ఈ చేతికే ఉండేదమ్మా. ఇప్పుడు ఆ చేతికి."

"ఆ చేతికి ఇంజెక్షను వేశారా?"

"లేదమ్మా."

"మరి దానికి నొప్పెలా వచ్చింది?"

మాస్టారు లాయరు గారి వైపు చూశాడు. ఆయన ఫైల్లో ఏదో అత్యవసరంగా వెతుక్కుంటున్నారు.

"కేసు వల్లనమ్మా" అన్నాడు మాస్టారు.

కేసు కొట్టేశారు. సూది పడిన చెయ్యి బాగుంది, బాగాలేని చేతికి సూది పడలేదు, పరిహారం ఏ చేతికీ రాదని అధికారిణి తేల్చేసింది. అబద్ధపు ప్రమాణానికి గట్టిగా చీవాట్లు పెట్టి, వయసు చూసి వదిలేసింది. బయట వరండాలో బావమరిది మొట్టమొదటిసారి ఏ వెటకారమూ లేకుండా బావ చెప్పులు తెచ్చి ముందు పెట్టాడు. భార్య అతని మెడలో గుడ్డ సరిచేస్తూ, "పోనీలెండి. ఆవిడ అంత మాట అంది కదా, అందరూ విన్నారు. నేనే మిమ్మల్ని నమ్మలేదు" అని కళ్లు తుడుచుకుంది.

మాస్టారికి గుండె కాస్త తేలికపడింది. దువ్వెన పట్టే చెయ్యి పోయింది, మొదటి కుర్చీ పోయింది, కేసు పోయింది. అయినా ఆ మాట ఒకటి మిగిలింది. దాన్ని కాగితం మీద తీసుకుపోయి, ఫ్రేము కట్టించి, గోడకు తగిలించాలనిపించింది. భార్యను వరండాలోనే కూర్చోబెట్టి గుమస్తా గది వెతుక్కుంటూ వెళ్లాడు.

"బాబూ, ఆ నర్సమ్మ చెప్పిందంతా రాసిన కాగితానికి ఒక కాపీ ఇప్పిస్తావా?"

గుమస్తా కాగితాలు ముందుకీ వెనక్కీ తిరగేసి తల అడ్డంగా ఊపాడు. "ఆవిడ చెప్పింది ఇందులో లేదండీ. కేసుకి సంబంధం లేదని రికార్డులోంచి తీసేయించారు. మీ లాయరు గారే."

మొత్తం కేసులో లాయరు గారు నెగ్గిన వాదన అదొక్కటే.